చిన్న వేదికలు, సొంత పాటలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సినిమాలతో సంబంధం లేకుండా తమ పాటలు తామే రాసుకొని, తామే బాణీ కట్టుకొని, వందా నూటయాభై మంది పట్టే చిన్న హాళ్లలో వాయించే బెంగళూరు ఇండీ రాక్ బృందాల గురించి కిందటి సంచికలో కొంత ప్రస్తావించాను. దానిపై నగరంలోని తెలుగు పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ఒంగోలు. మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా టీములోని స్నేహితురాలు వచ్చే శనివారం ఇందిరానగర్‌లో ఒక రాక్ బృందం కచేరీకి రమ్మంటోంది. నేను విన్నవన్నీ సినిమా పాటలే. ఆ బృందం పాట ఒక్కటీ తెలియదు. అందరూ పాడుతూ ఊగుతూ ఉంటే నేనొక్కదాన్నే బిక్కమొహం వేసుకొని నిలబడాల్సి వస్తుందేమోనని సంకోచంగా ఉంది. వెళ్లేముందు ఏం తెలుసుకోవాలి? ఎన్ని గంటలకు చేరుకోవాలి? ఎక్కడ నిలబడితే బాగా వినిపిస్తుంది?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: తప్పకుండా వెళ్లండి. చిన్న వేదికల దగ్గర పాటలు తెలియకపోవడం లోటు కానే కాదు. స్నేహితులు రమ్మంటే వచ్చినవారు, బృందం పేరు ఆ రోజే విన్నవారు, వాయించేవారి అక్కలూ అన్నలూ, వాళ్ల ఆఫీసువాళ్లూ అందరూ అక్కడ ఉంటారు. పైగా ఇంకా రికార్డు చేయని కొత్త పాటను బృందాలు మొదట వినిపించి చూసుకునేది ఇలాంటి చోటే కాబట్టి, ఎంతటి అభిమాని అయినా ఒకటి రెండు పాటలను మీతోపాటే మొదటిసారి వింటాడు.

ఇష్టమైతే ముందుగా ఆ బృందం పాటలు మూడో నాలుగో వినండి, అన్నీ వినాల్సిన పనిలేదు. సినిమా పాటకు అలవాటుపడిన చెవి ముందు గొంతును వెతుక్కుంటుంది. పల్లవి, నడుమ వాద్యాల బిట్టు, చరణం, మళ్లీ పల్లవి అనే వరస కోసం ఎదురుచూస్తుంది. ఈ బృందాల పాటల్లో గొంతు చాలాసార్లు తక్కిన వాద్యాలతో సమానంగా ఉంటుందే తప్ప వాటిపై పెత్తనం చేయదు. అందుకని ఒకసారి పాట మొదటి నుంచి చివరి వరకు కిందిశబ్దాలు పలికే బేస్ గిటారునే పట్టుకొని వినండి, మరోసారి డ్రమ్స్‌ను మాత్రమే వినండి. ఇంట్లో ఈ అభ్యాసం కొంచెం చేసినా, హాల్లో నాలుగైదు శబ్దాలు ఒక్కసారిగా మీద పడ్డప్పుడు దేన్ని పట్టుకోవాలో తెలుస్తుంది.

ఎన్ని గంటలకు చేరుకోవాలన్నది మీరు అడిగినవాటిలో నాకు చాలా ముఖ్యమైన ప్రశ్న. టికెట్‌పై ఎనిమిది అని ఉంటే అది సాధారణంగా తలుపులు తెరిచే వేళ. ప్రధాన బృందం వేదిక ఎక్కేసరికి తొమ్మిది దాటుతుంది. ఈ సంగతి తెలిసినవారు కొందరు తీరిగ్గా తొమ్మిదిన్నరకు వస్తారు. దయచేసి మీరు అలా చేయకండి. ప్రధాన బృందానికి ముందు అరగంటసేపు వాయించే కొత్త బృందం పిల్లలు సాయంత్రం నాలుగింటి నుంచి అక్కడే పడిగాపులు పడి ఉంటారు. కచేరీకి ముందు శబ్దాన్ని సరిచూసుకునే సౌండ్ చెక్‌లో పెద్ద బృందం పని ముగిశాక మిగిలిన పావుగంటే వాళ్లకు దక్కుతుంది. ఎదురుగా పదిమంది ఉంటే ఒకరకంగా, నలభైమంది ఉంటే మరోరకంగా వాయిస్తారు. ఆ ముప్పై మంది తేడా వాళ్ల చేతుల్లో, గొంతులో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. మన పద్యనాటకాల్లో నటుడు రాగం తీసి ఆపగానే ‘వన్స్‌మోర్’ అని కేకవేసి, అదే పద్యాన్ని మళ్లీ పాడించుకున్న జనానికి వారసులం మనం. ఎదుటివాళ్లు వింటున్నారా లేదా అన్నదాన్ని బట్టి పాట మారుతుందని మనకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. చిన్న హాల్లో కచేరీ బాగా రావడంలో పెద్ద వాటా వినేవారిదేనని నేను గట్టిగా నమ్ముతాను.

వీలైతే ఒకసారి సౌండ్ చెక్ కూడా చూడండి. డ్రమ్మర్ ఒకే వాద్యాన్ని, ఒకే బలంతో, ఒక్కొక్క దెబ్బే కొడుతూ కూర్చుంటాడు. వాద్యాల, గొంతుల శబ్దాలను కలిపి సర్దే మిక్సర్ బల్ల దగ్గరి సౌండ్ ఇంజనీరు ఒక్కొక్క మీటనే కదుపుతూ, నడుమ నడుమ లేచి గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి, చెవి అటూ ఇటూ తిప్పి విని మళ్లీ వచ్చి కూర్చుంటాడు. గిటారు వాయించే మనిషి మోకాళ్లపై వంగి, నేలపై వరసగా పేర్చిన, గిటారు శబ్దాన్ని మార్చే పెడళ్లనే చిన్న డబ్బాలకు తీగలు కలుపుతుంటాడు. పాటల వరసను మార్కర్ పెన్నుతో రాసిన కాగితాన్ని ప్రతి ఒక్కరి కాళ్ల దగ్గరా టేపుతో అంటిస్తారు. ఇంత శ్రమపడి సరిచేసిన శబ్దం జనం నిండగానే మళ్లీ మారిపోతుంది. మనుషుల ఒళ్లూ బట్టలూ సన్నని పైశబ్దాలను పీల్చేసుకుంటాయి కాబట్టి, ఖాళీ గదిలో గణగణలాడిన డ్రమ్స్ తాళం (సింబల్) నిండిన గదిలో మందగిస్తుంది. అనుభవం ఉన్న ఇంజనీరు దాన్ని ముందే ఊహించి కొంత వెసులుబాటు ఉంచుకుంటాడు.

నిలబడే చోటు కూడా ఇక్కడి నుంచే తేలుతుంది. ఇంజనీరు తన చెవికి ఎలా వినిపిస్తుందో దాన్ని బట్టే అన్నీ సర్దుతాడు కాబట్టి, మిక్సర్ బల్లకు కొంచెం ముందు, గదికి దాదాపు నడిమధ్యన ఉన్న చోటే శ్రేష్ఠం. వేదికకు ఆనుకొని నిలబడితే వేళ్ల కదలిక స్పష్టంగా కనబడుతుంది గానీ పాట మాటలు వినబడవు. ఎందుకంటే గొంతు వచ్చే పెద్ద స్పీకర్లు వేదికకు రెండు పక్కలా మీకంటే వెనక్కి ఉండిపోతాయి, ఎదురుగా ఉన్న డ్రమ్స్, గిటారు యాంప్లిఫయర్లు మాత్రం నేరుగా మీ మీదికే వస్తాయి. గొంతును పెంచి ఆ లోటు తీర్చవచ్చు కదా అనుకుంటారేమో, ఒక హద్దు దాటితే స్పీకర్‌లోని శబ్దాన్ని మైకు మళ్లీ అందుకొని, అది మళ్లీ స్పీకర్‌లోకి వెళ్లి, చెవులు చిల్లులుపడే కూత మొదలవుతుంది. చిన్న గదిలో మైకూ స్పీకరూ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ హద్దు తొందరగా వస్తుంది. రాక్ కచేరీలో మాటలు అర్థంకాలేదని చెప్పేవారిలో చాలామందికి చిక్కు భాషతో కాదు, నిలబడిన చోటుతో వచ్చింది. గది మూలలకు కూడా వెళ్లకండి. అక్కడ గోడలు బేస్‌ను పోగుచేసి, తక్కిన వాద్యాలను కప్పేస్తాయి.

ప్యాలెస్ గ్రౌండ్స్ మైదానంలో 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా అనే విదేశీ రాక్ బృందాలు వాయించినప్పుడు వెనకవరసల్లో నిలబడ్డవారు చూసింది ఎక్కువగా తెరనే. మీరు వెళ్లబోయే చోట తెర ఉండదు, అవసరమూ ఉండదు. ఒక తీగ తెగితే గిటారిస్టు మొహం మారడం, పక్కవాడు ఆ ఖాళీని రెండు వరసలు అదనంగా వాయించి నింపడం, ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకోవడం అన్నీ కళ్ల ముందే జరుగుతాయి.

మిగిలినవి చిన్న విషయాలు. రెండు మూడు గంటలు నిలబడాలి కాబట్టి సౌకర్యమైన చెప్పులో బూట్లో వేసుకోండి. ఇలాంటి హాళ్లు చాలావరకు బార్లతో కలిసి ఉంటాయి కాబట్టి 21 ఏళ్లు నిండినట్టు తెలిపే గుర్తింపు కార్డు అడుగుతారు, దగ్గర ఉంచుకోండి. తాగాలన్న నిర్బంధం ఏమీ లేదు, మంచినీళ్లు అడిగి పుచ్చుకోవచ్చు. తిరిగి రావడానికి పర్పుల్ లైన్ మెట్రోలో ఇందిరానగర్ నుంచి కుందలహళ్లి వరకు వచ్చి ఆటో ఎక్కవచ్చు గానీ, రాత్రి పదకొండు ప్రాంతంలో మెట్రో ఆగిపోతుంది. కాబట్టి చివరి బండి వేళ ముందే చూసుకోండి. పాట నచ్చితే చప్పట్లు కొట్టండి, ఊగాలనిపిస్తే ఊగండి, కదలకుండా కళ్లు మూసుకొని వినాలనిపిస్తే అలాగే వినండి. అక్కడ మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. పాట నడుస్తుండగా పక్కవారితో గట్టిగా మాట్లాడటాన్ని మాత్రం తప్పుపడతారు, పట్టాలి కూడా.

ప్రశ్న: కిందటి నెల కోరమంగళలో ఒక కచేరీకి వెళ్లి స్పీకర్ పక్కనే నిలబడ్డాను. ఇంటికి వచ్చాక చెవుల్లో జోరీగ దూరినట్టు ఒకటే మోత. మర్నాడు సాయంత్రానికి తగ్గింది. చెవికి ఏమైనా హాని జరిగిందా? మళ్లీ వెళ్లాలంటే భయంగా ఉంది. దూది పెట్టుకుంటే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: మోత తగ్గిపోయింది కాబట్టి బెంబేలెత్తకండి, కానీ తేలిగ్గానూ తీసుకోకండి. మన లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే అతిసూక్ష్మమైన రోమకణాలు ఒక్కొక్క చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. పెద్ద శబ్దానికి అవి అలసిపోతే తాత్కాలికంగా వినికిడి మందగించి, గింగురుమన్న మోత వినిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో సాధారణంగా తేరుకుంటాయి. మళ్లీ మళ్లీ అలాగే జరిగితే కొన్ని చచ్చిపోతాయి. మనుషుల్లో అవి తిరిగి పుట్టవు. అందుకే మోత తగ్గినంతమాత్రాన ఏమీ కాలేదని అనుకోవడానికి వీల్లేదు.

లెక్క తెలుసుకుంటే జాగ్రత్తపడటం సులువు. పని చేసే చోట్ల శబ్దంపై అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గిపోతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంటే. చిన్న హాల్లో డ్రమ్స్‌కు మైకు పెట్టకపోయినా దగ్గర్లో నిలబడినవారికి 100 దాటి వినిపించగలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికల కోసం ఇచ్చిన ప్రమాణంలో పావుగంట సగటు 100 డెసిబెల్స్ మించకూడదని, వినేవారికి చెవిబిరడాలు అందుబాటులో ఉంచాలని, చెవులకు కాస్త విశ్రాంతి దొరికే నిశ్శబ్దమైన చోటు ఉండాలని చెప్పింది. మన హాళ్లలో ఈ మూడూ ఉండాలని అడగడం శ్రోతల హక్కు, మనం అడగనంతకాలం ఎవరూ పెట్టరు.

దూది పనికిరాదు. మందుల దుకాణంలో దొరికే స్పాంజి బిరడాలు బాగానే కాపాడతాయి. బిరడాను వేళ్ల మధ్య సన్నగా నులిమి, రెండో చేతిని తలమీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బి సర్దుకునేవరకు అరనిమిషం వేలితో అదిమి ఉంచాలి. చాలామంది ఈ అదిమి ఉంచే పని చేయకుండానే బిరడా పనిచేయలేదంటారు. స్పాంజితో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, అది పైశబ్దాలను ఎక్కువగా, కిందిశబ్దాలను తక్కువగా ఆపుతుంది కాబట్టి పాట ముసుగు కప్పినట్టు వినిపిస్తుంది. సంగీతకారుల కోసం చేసిన వడపోత బిరడాలు అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. వాటికి ఖర్చు కొంచెం ఎక్కువే అయినా కచేరీలకు తరచుగా వెళ్లేవారు కొనుక్కోవాలి. వేదికపై వాయించేవారిలో కూడా చాలామంది అవే పెట్టుకుంటున్నారు.

ఇకముందు స్పీకర్‌కు దూరంగా నిలబడండి. నడుమ ఒకసారి బయటికి వచ్చి పది నిమిషాలు చెవులకు విశ్రాంతి ఇవ్వండి. మోత రెండు రోజులు దాటినా, ఒక చెవి హఠాత్తుగా వినిపించడం మానేసినా ఆలస్యం చేయకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ణి కలవండి. హఠాత్తుగా వచ్చిన వినికిడి లోపానికి చికిత్స ఎంత తొందరగా మొదలైతే అంత ఫలితం ఉంటుంది. పూర్తిస్థాయి వినికిడి పరీక్షలకు పేరున్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మైసూరులోనే ఉంది.

ప్రశ్న: కచేరీని ఫోన్‌లో చిత్రీకరించవచ్చా?
— ఒక పాఠకుడు, బీటీఎం లేఅవుట్

జవాబు: ఒక పాట, చేతులు తల కంటే ఎత్తకుండా, ఫ్లాష్ లేకుండా. ఆ ముక్కను బృందం పేరుతో నలుగురికీ పంపితే వాళ్లకు మేలే. బృందం ఇంకా విడుదల చేయని పాట అని చెప్పి వద్దంటే మాత్రం ఫోన్ జేబులో పెట్టేయండి.

ప్రశ్న: ముప్పై ఏళ్లుగా ఇందిరానగర్‌లో ఉంటున్న రిటైర్డు ఉద్యోగిని. ఒకప్పుడు రాత్రి తొమ్మిదికల్లా సద్దుమణిగే వీధిలో ఇప్పుడు వారాంతం వస్తే నిద్ర ఉండదు. మీరు ఈ కచేరీలను ప్రోత్సహిస్తూ రాస్తున్నారు. మావంటివారి బాధ మీకు పట్టదా?
— ఒక పాఠకుడు, ఇందిరానగర్

జవాబు: మీ బాధ న్యాయమైనది, చట్టం కూడా మీ పక్షానే ఉంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాసప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతాల్లో పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్ మించకూడదు. రాత్రి అంటే పది నుంచి తెల్లవారుజామున ఆరు వరకు. మూసి ఉన్న హాళ్లకు తప్ప ఆ వేళల్లో లౌడ్‌స్పీకర్లకు అనుమతి లేదు. డాబామీద, ఆరుబయట పది దాటాక మోగే స్పీకర్‌పై మీరు పోలీసులకు ఫిర్యాదు చేయడం పూర్తిగా సబబు.

నా విన్నపం ఒకటే. డాబామీద రాత్రంతా రికార్డులు మోగించే చోటునూ, నాలుగు గోడల మధ్య శబ్దం బయటికి పోకుండా ఏర్పాటు చేసుకొని రెండు గంటలు మనుషులు వాయించే హాలునూ ఒకే గాటన కట్టకండి. ఈ నగరంలో జరిగింది సరిగ్గా అదే. ప్రజావినోద స్థలాల లైసెన్సుల గురించి బెంగళూరు పోలీసులు 2005లో తెచ్చిన ఉత్తర్వును 2018 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత లైసెన్సు లేని చోట్ల ప్రత్యక్ష సంగీతాన్ని ఆపించేశారు. భవనానికి వాసయోగ్య పత్రం (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్), అగ్నిమాపక అనుమతి వంటివి చూపాల్సి రావడంతో, పాత కట్టడాల్లో అద్దెకు ఉన్న చిన్న హాళ్లు ఆ పత్రాలు తెచ్చుకోలేకపోయాయి. మంటలు అంటుకుంటే జనం బయటపడే దారి ఉందా అని అడగడం తప్పనిసరి, అందులో రాజీ పడకూడదు. కానీ వందమంది పట్టే హాలుకూ వేలమంది పట్టే మైదానానికీ తగినట్టు వేర్వేరు నిబంధనలు, ఒకే కిటికీ దగ్గర ముగిసే అనుమతులు ఉంటే రెండు పక్షాలకూ మేలు జరిగేది. మీ పేటలోనే 2013లో మొదలైన ‘హమ్మింగ్ ట్రీ’ అనే కచేరీ హాల్లో ఎన్నో కొత్త బృందాలు పేరు తెచ్చుకున్నాయి. 2019లో అది మూతపడింది. అలాంటి చోటు ఒకటి పోతే దానితోపాటు అక్కడ తయారు కావలసిన బృందాలు కూడా లేకుండా పోతాయి. ఇప్పుడు మీ పేటలో బీఫ్లాట్, కోరమంగళలో ఫ్యాండమ్, వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ వంటి కొద్ది చోట్లే ఆ భారాన్ని మోస్తున్నాయి. తలుపులు బిగించి, కచేరీని వేళకు ముగించి, బయటికి వచ్చిన జనాన్ని వీధిలో గుంపుకట్టనివ్వకుండా చూసుకునే యాజమాన్యం మీ వీధిలో ఉంటే, వారితో ఒకసారి కూర్చొని మాట్లాడండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. గిటారు నేర్చుకుంటున్నాడు. బృందాలు వాయిస్తుంటే చూడాలని ప్రాణం పెడుతున్నాడు. బార్లలోకి పంపలేను, పంపినా రానివ్వరు. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, హొరమావు

జవాబు: అమ్మా, మీరు పంపకపోవడమే సరైనది. మద్యం అమ్మే చోటికి ఆ వయసు పిల్లవాణ్ణి తీసుకువెళ్లే అవసరమే లేకుండా వినిపించే చోట్లు ఈ ఊళ్లో ఉన్నాయి. దొమ్మలూరులోని బెంగళూర్ ఇంటర్నేషనల్ సెంటర్‌లో, వసంత్‌నగర్‌లోని అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో, జేపీ నగర్‌లోని ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియెన్స్ మ్యూజియంలో కచేరీలు జరుగుతుంటాయి. వాటిలో కొన్నింటికి ప్రవేశం ఉచితం కూడా. ఆ మ్యూజియంలో వాద్యాల గురించీ, మన దేశంలో రికార్డింగు చరిత్ర గురించీ చూడదగ్గది చాలా ఉంది, ఒక పూట కేటాయించండి. స్వాతంత్ర్య దినోత్సవం ప్రాంతంలో జరిగే ‘ఫ్రీడమ్ జామ్’లో బృందం తర్వాత బృందం వాయిస్తుంది. గిటారు నేర్చుకునే పిల్లలకు అది పండుగే. ఇంజనీరింగు కళాశాలల సాంస్కృతికోత్సవాలు కూడా కనిపెట్టి ఉండండి. బయటివారిని రానిచ్చే చోట్ల మంచి బృందాలు వాయిస్తాయి.

మొదటిసారి మీరూ వెంట వెళ్లండి. అబ్బాయి గిటారిస్టు ఎడమచేతిని మాత్రమే చూస్తుంటాడు, ఆ వయసులో అందరూ అంతే. కుడిచేతిని, కాళ్ల దగ్గరి పెడళ్లను కూడా గమనించమని చెప్పండి. లయ అంతా కుడిచేతిలోనే ఉంటుంది. కచేరీ అయ్యాక వాద్యాలు సర్దుకుంటున్నప్పుడు వెళ్లి పలకరించి ప్రశ్నలు అడగనివ్వండి. ఇండీ బృందాలవారు ఓపిగ్గా జవాబు చెబుతారు. వాడికి కూడా బిరడాలు కొనడం మరచిపోకండి. లేత చెవులు మనకంటే ఎక్కువ ఏళ్లు పనిచేయాల్సినవి.

ప్రశ్న: మేము నలుగురం మిత్రులం, అనంతపురం, కర్నూలు వైపు వాళ్లం. వారాంతాల్లో అద్దె గదిలో సాధన చేస్తూ తెలుగులో ఆరు పాటలు కట్టుకున్నాం. బెంగళూరులో తెలుగు రాక్ ఎవరు వింటారని స్నేహితులు నిరుత్సాహపరుస్తున్నారు. ఇంగ్లీషులోకి మారమంటారా? వేదిక దొరకాలంటే ఏం చేయాలి? దీనిలో డబ్బు వస్తుందా?
— నలుగురు పాఠకులు, కేఆర్ పురం

జవాబు: మారవద్దు. ఈ ఊరు రాక్‌ను ఇంగ్లీషులోనే వినాలని పట్టుబట్టిన ఊరు కాదు. 1996 నుంచి వాయిస్తున్న థర్మల్ అండ్ ఎ క్వార్టర్ ఇంగ్లీషులో పాడితే, స్వరాత్మ కన్నడ, హిందీ భాషల్లో పాడింది, పర్వాజ్ ఉర్దూలో, కశ్మీరీలో పాడింది. రఘు దీక్షిత్ బృందం కన్నడ తత్త్వకవి శిశునాళ షరీఫ్ పదాలను గిటార్లతో పాడితే కన్నడం రానివారు కూడా వెంట పాడారు. కేరళకు చెందిన అవియల్ మలయాళంలోనే పాడి దేశమంతా తిరిగింది. ఇంతెందుకు, ఈ నగరంలోనే పుట్టిన అగమ్ బృందం త్యాగరాజ కృతులను డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లతో పాడుతుంటే వేలమంది వింటున్నారు. ఆ మాటలు మన తెలుగు మాటలే. హైదరాబాదులో చౌరస్తా బృందం తెలుగులోనే సొంత పాటలతో శ్రోతలను సంపాదించుకుంది. ఇక మీ సీమలో వేమన పద్యాలూ, వీరబ్రహ్మం తత్త్వాలూ గడపగడపకూ తెలిసినవే. సొంత మాట రాయడానికి ఇంతకంటే మంచి పునాది ఎవరికి దొరుకుతుంది?

చేయకూడనిది ఒకటి చెబుతాను. ఇంగ్లీషు పాటకు కట్టిన బాణీలో తెలుగు మాటలు కుక్కకండి. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి, దీర్ఘాలకూ హ్రస్వాలకూ తేడా చెరిగితే అర్థమే మారుతుంది. డ్రమ్స్ దెబ్బ హ్రస్వం మీద పడి, దాన్ని సాగదీయాల్సి వస్తే వినేవాడికి మాట అందదు. మొదట మాటను పైకి చదివి, అది సహజంగా ఎక్కడ ఊనుతుందో చూసుకొని, అక్కడ దెబ్బ పడేలా లయ కట్టుకోండి. మీ ఆరు పాటలనూ గిటారు లేకుండా, డ్రమ్స్, గొంతు మాత్రమే పెట్టి ఒకసారి రికార్డు చేసుకొని వినండి. ఎక్కడ మాట నలుగుతోందో వెంటనే తెలుస్తుంది.

వేదిక కోసం మొదట ఓపెన్ మైక్ రాత్రులకు, అంటే కొత్తవారెవరైనా పేరిచ్చి వాయించగలిగే కార్యక్రమాలకు వెళ్లండి. అక్కడ రెండు పాటలు చాలు. మూడు పాటలను శుభ్రంగా రికార్డు చేసి, ఒకే లంకెగా హాళ్ల నిర్వాహకులకు పంపండి. దానితోపాటు ఎన్ని మైకులు కావాలి, ఏ వాద్యం ఏ పక్కన ఉంటుంది అన్నది ఒకే పేజీలో గీసి పంపితే మీపై వాళ్లకు నమ్మకం కుదురుతుంది. సౌండ్ చెక్‌కు చెప్పిన వేళకు ముందే చేరండి. ఇంజనీరును పేరు కనుక్కొని గారు అని పిలవండి. ఆ రాత్రి మీ పాట ఎలా వినిపిస్తుందో సగానికి పైగా ఆయన చేతుల్లోనే ఉంటుంది. గిటారు యాంప్లిఫయర్ శబ్దం తగ్గించమని అడిగితే వెంటనే తగ్గించండి. తెలుగు మాటలు జనానికి వినబడాలంటే అదొక్కటే దారి, కారణం పైన మొదటి జవాబులో రాశాను.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. మొదట్లో రాదు. కొన్ని చోట్ల ముందే ఒప్పుకున్న మొత్తం ఇస్తారు, కొన్ని చోట్ల టికెట్ల వసూళ్లలో వాటా ఇస్తారు. ఏదైనా వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకోండి. ఇంజనీరు ఖర్చు, వాద్యాల అద్దె ఎవరు భరిస్తారో కూడా అందులోనే ఉండాలి. పాటలకు మాటలు రాసినవారూ బాణీ కట్టినవారూ పాటల రచయితల, స్వరకర్తల హక్కుల సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుంటే, వాటిని బహిరంగంగా వాడుకున్నప్పుడు రావలసిన రాయల్టీ ఆ సంస్థ ద్వారా అందుతుంది. బృందాలు నేరుగా శ్రోతలకు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైటులో అమ్మితే పాటలపై 15 శాతం, టీషర్టుల వంటి వస్తువులపై 10 శాతం వాళ్లు ఉంచుకుంటారు. చెల్లింపుల రుసుము పోను మిగిలింది మీకు వస్తుంది. హాలు తలుపు దగ్గర చిన్న బల్ల వేసి, టీషర్టులు పెట్టి, యూపీఐ క్యూఆర్ కాగితం అంటించి, మీలో ఒకరు కచేరీ అయిన వెంటనే అక్కడికి వెళ్లి నిలబడండి. మిగతా ముగ్గురూ తీగలు చుట్టుకొని వచ్చేలోపు జనం వెళ్లిపోతారు కాబట్టి ఆ ఒక్కరు ఎవరన్నది ముందే అనుకోండి. మీ ఓపెన్ మైక్ తేదీ ఖాయం కాగానే ఈ శీర్షికకు రాసి పంపండి, పాఠకులకు ఇక్కడ తెలియజేస్తాను, నేనూ వస్తాను.